జిమ్ రీవ్స్ పాస్టరా? మా ఇంట్లో పంచాయితీ తెగట్లేదు

సామర్లకోట_సన్నీ
డిసెంబర్ వస్తే చాలు, మా డాడీ పొద్దున్నే జిమ్ రీవ్స్ పెట్టేస్తారు. పాత క్యాసెట్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నారు. అంతవరకు నాకేం ఇబ్బంది లేదు. నిన్న మా పెదనాన్న వచ్చి, "ఈయన అమెరికాలో పెద్ద పాస్టరు, సువార్త చెప్పడానికి వెళ్తుంటే విమానం కూలి పోయాడు" అన్నారు. డాడీ తలూపారు. నేను ఫోన్‌లో వెతికితే ఈ పాస్టరు గారు బార్‌లోంచి ఒకావిడకి ఫోన్ చేసి, నీ పక్కనున్నవాణ్ని పంపించెయ్యి అని బతిమాలే పాటతో ఫేమస్ అయ్యారని తేలింది. ఆ మాట అన్నందుకు ఇంట్లో అందరూ నా మీద పడ్డారు. పైగా పాట్సీ క్లైన్ అనే గాయని ఆయన భార్యట, ఇద్దరూ కలిసి పాడిన డ్యూయెట్ యూట్యూబ్‌లో ఉందట. తెలిసినవాళ్లు అసలు కథ చెప్పండి. ప్రింట్ తీసి హాల్లో గోడకి అంటిస్తా.

ఊరికే_వచ్చా
అంటించకు. ఆ పాటలోలాగా నిన్నే బయటికి పంపించేస్తారు.

బిట్రగుంట_లోకో
పాస్టరు కాదు నాయనా. ముందు బేస్‌బాల్ ఆటగాడు, తర్వాత రేడియో అనౌన్సరు, ఆ పైన పాటగాడు. అయితే మీ పెదనాన్నను తీసిపారెయ్యొద్దు. 1962లో ఒక భక్తిగీతాల ఎల్‌పీ, 1963లో ఒక క్రిస్మస్ ఎల్‌పీ చేశాడు. మనవైపు క్రైస్తవుల ఇళ్లలో ఎక్కువగా తిరిగింది ఆ రెండే. చర్చిలో పాడే పాటలే ఆ గొంతులో వింటే పాస్టరు అనుకోక ఏమనుకుంటారు?

మా బిట్రగుంట షెడ్డులో ఆవిరి ఇంజన్ల కాలంలో ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు చాలామంది. సాయంత్రం వాళ్ల క్వార్టర్ల ముందు నడిచి పోతుంటే రేడియో సిలోన్ ఇంగ్లీషు ప్రోగ్రాంలో ఈయన పాట ఒక ఇంట్లో మొదలై పక్కింట్లో అయిపోయేది. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో శనివారం డాన్సుకి ఆ ఫోన్ పాట, ఆదివారం పొద్దున భక్తిపాట. రెంటికీ ఆయనే.

లాలాగూడ_పోరడు
మా తాత గూడ రైల్వేనే, లాలాగూడ. గిటార్ మీద ఈయన పాటలే వాయించెటోడు. జిమ్ రీవ్స్ ఒకసారి సికింద్రాబాద్ వచ్చిండని మా కాలనీల చెప్తరు. నిజమేనా పెద్దాయనా?

బిట్రగుంట_లోకో
ఆయన ఇండియాకు ఎప్పుడూ రాలేదు. మా దగ్గర కూడా ఎవరో ఒకరు "నేను మద్రాసులో చూశా" అనేవాళ్లు. వాళ్లు చూసింది ఆయన పాటలు పాడే లోకల్ బ్యాండును.

హ్యాంక్_భక్తుడు
ఏమనుకోవద్దు గానీ, ఇండియాలో కంట్రీ మ్యూజిక్ (అమెరికా పల్లెటూరి సంగీతం) అంటే ఈయన్నే చూపిస్తారు, అదే నా బాధ. అసలు సిసలు కంట్రీ అంటే హ్యాంక్ విలియమ్స్. ఫిడిల్ ఏడవాలి, స్టీల్ గిటార్ సాగాలి, గొంతు చీలాలి. రీవ్స్ వచ్చి చిక్కటి పాలల్లో నీళ్లు పోశాడు. వెనక గుంపుగా మెత్తటి వయొలిన్లు, కోరస్ "ఊ ఊ" అంటూ. డాక్టరు దగ్గర వెయిటింగ్ రూములో పెట్టుకునే సంగీతం అది.

వెన్నెల_రేడియో
@హ్యాంక్_భక్తుడు మీరు ఆయన 1957 తర్వాతి పాటలే విన్నట్టున్నారు. 1953లో అబ్బాట్ అనే చిన్న కంపెనీకి పాడిన 'మెక్సికన్ జో' వినండి. గొంతెత్తి, గంతులేస్తూ పాడాడు. అదే ఆయన మొదటి నంబర్ వన్. వెనకే 'బింబో', అదీ నంబర్ వన్నే. మీరు అడిగే ఫిడిళ్లూ గంతులూ అన్నీ ఉన్నాయి. అలా పాడటం చేతనైనవాడే తర్వాత కావాలని గొంతు దించాడు.

సన్నీ, నీకు వరసగా చెప్తా. పుట్టింది 1923 ఆగస్టు 20న, తూర్పు టెక్సస్‌లో పనోలా కౌంటీ, గాలొవే అనే పల్లె. పూర్తి పేరు జేమ్స్ ట్రావిస్ రీవ్స్. పసివాడిగా ఉండగానే తండ్రి పోయాడు, తల్లి పొలం పనులు చేసి పిల్లల్ని సాకింది. బేస్‌బాల్ బాగా ఆడతాడని టెక్సస్ యూనివర్సిటీలో సీటొస్తే కొన్ని వారాలకే మానేసి హ్యూస్టన్ షిప్‌యార్డులో పనికి చేరాడు. 1944లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ వాళ్ల కింది స్థాయి జట్టులో పిచర్‌గా తీసుకున్నారు. అంటే మన క్రికెట్‌లో బౌలర్ లాగా బంతి విసిరేవాడు. కాలి సయాటిక్ నరం దెబ్బతినడంతో ఆట ముగిసింది. 1947లో మేరీ వైట్‌తో పెళ్లి. పిల్లల్లేరు. పాట్సీ క్లైన్ భర్త వేరే ఆయన, ఆ గొడవ ఇక్కడితో సరి.

సామర్లకోట_సన్నీ
వెన్నెల గారూ థాంక్యూ. "భార్య పేరు మేరీ" అని డాడీకి చెప్పా. "చూశావా, పేరు కూడా మేరీయే" అని పెదనాన్న ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

ఊరికే_వచ్చా
పెదనాన్నతో వాదించి గెలిచినవాడు గోదావరి జిల్లాల్లో ఇంకా పుట్టలేదు తమ్ముడూ.

డాలస్_బాబాయ్
కిందటేడు థాంక్స్‌గివింగ్ సెలవుల్లో ష్రీవ్‌పోర్ట్ వెళ్తూ దారిలో ఆయన సమాధి చూశాం. కార్తేజ్ ఊరు దాటాక 79వ నంబర్ హైవే పక్కనే. చుట్టూ పైన్ చెట్లు, ఆయన నిలువెత్తు విగ్రహం. పెంపుడు కుక్క షయెన్‌ని కూడా అక్కడే పాతిపెట్టారు. మా ఆవిడ "దీనికోసమా ఇంత దూరం తిప్పావు" అంది, మా అత్తగారు మాత్రం దండం పెట్టుకున్నారు (ఆవిడకి ఆయనెవరో తెలియదు, విగ్రహం ఉంటే చాలు). కార్తేజ్‌లో టెక్సస్ కంట్రీ సంగీతం మ్యూజియం ఒకటి ఉంది. టెక్స్ రిటర్ అనే ఇంకో పాటగాడిదీ ఇదే కౌంటీ. ఇంత చిన్న చోటు నుంచి అంతమంది వచ్చారా అనిపిస్తుంది.

అక్కణ్నుంచి ష్రీవ్‌పోర్ట్ కారులో గంట కూడా పట్టదు. ఆయన జీవితం మలుపు తిరిగింది ఆ ఊళ్లోనే. అక్కడి కేడబ్ల్యూకేహెచ్ రేడియో స్టేషన్‌లో అనౌన్సరుగా ఉండేవాడు. వాళ్లు శనివారం రాత్రి 'లూజియానా హేరైడ్' అని స్టేజీ ప్రోగ్రాం లైవ్ వేసేవాళ్లు. ఒక రాత్రి హ్యాంక్ విలియమ్స్ రాకపోతే అనౌన్సరునే పాడమన్నారని, జనం విరగబడి చప్పట్లు కొట్టారని ఒక కథ. ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు. హ్యాంక్ బదులు ఇంకెవరో అనేవాళ్లూ ఉన్నారు.

హ్యాంక్_భక్తుడు
హ్యాంక్ రాకపోవడం మాత్రం నమ్మదగ్గ విషయమే 😀 1952 ఆగస్టులో గ్రాండ్ ఓల్ ఆప్రీ (నాష్‌విల్‌లోని పెద్ద కంట్రీ రేడియో ప్రోగ్రాం) వాళ్లు తాగుడు భరించలేక తీసేస్తే మళ్లీ హేరైడ్‌కే చేరాడు. 1953 జనవరి 1న పోయాడు, 29 ఏళ్లకే. ఆ ఏడాదే మీ వాడికి మొదటి హిట్టు. అంటే మా వాడు ఖాళీ చేసిన కుర్చీలో మీ వాడు కూర్చున్నాడు.

వెన్నెల_రేడియో
కూర్చోలేదు, పక్కన ఇంకో కుర్చీ వేసుకున్నాడు. హ్యాంక్ లాగా పాడటానికి ప్రయత్నించినవాళ్లు ఆ రోజుల్లో బోలెడుమంది, వాళ్లలో సగం మంది పేర్లు ఇప్పుడు మీకే గుర్తు రావు.

మిక్సింగ్_మూర్తి
అసలు ముచ్చట మైకు దగ్గర ఉంది. నేను హైదరాబాద్‌లో డబ్బింగ్ స్టూడియోలో సౌండ్ చేస్తా, అందుకని ఈ థ్రెడ్‌లో వేలు పెడుతున్నా.

అప్పటి కంట్రీ గాయకులు మైక్‌కి ఎడంగా నిలబడి గట్టిగా పాడేవాళ్లు. పల్లెటూరి డాన్సు హాళ్లలో సౌండ్ సిస్టం సరిగ్గా ఉండేది కాదు, గొంతు చివరి బెంచీ దాకా వెళ్లాలి. రీవ్స్ కూడా మొదట అంతే. 1955లో ఆర్‌సీఏ కంపెనీకి వచ్చాడు, తీసుకున్నది స్టీవ్ షోల్స్. అదే షోల్స్ అదే ఏడాది చివర్లో ఎల్విస్ ప్రెస్లీని కూడా తీసుకున్నాడు. ఎల్విస్ దెబ్బకి కంట్రీ రికార్డుల అమ్మకాలు కుదేలయ్యాయి. కుర్రకారంతా రాక్ అండ్ రోల్ వెనక పోయారు. అప్పుడు కంట్రీ రికార్డింగులకి కేంద్రమైన నాష్‌విల్‌లో చెట్ ఆట్కిన్స్, ఓవెన్ బ్రాడ్లీ లాంటి ప్రొడ్యూసర్లు ఫిడిల్, స్టీల్ తగ్గించి, పియానో, కోరస్, తర్వాత తర్వాత గుంపుగా వయొలిన్లు పెట్టి పెద్దవాళ్లు వినే సంగీతం తయారుచేశారు. నాష్‌విల్ సౌండ్ అంటే అదే.

1957లో 'ఫోర్ వాల్స్' అనే పాట. రీవ్స్ పెదాలు దాదాపు మైక్‌కి ఆనించి, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినంత మెల్లిగా పాడాడు. ఇక్కడ ఒక సాంకేతిక విషయం. ఒక దిక్కు నుంచి ఎక్కువ వినే మైక్‌కి గొంతు బాగా దగ్గరైతే కింది స్థాయి శబ్దాలు ఉబ్బుతాయి. మామూలు గొంతు కూడా బరువుగా, ముఖమల్‌లా వస్తుంది. దానికో ఇబ్బంది ఉంది. ప్రతి ఊపిరీ, ప్రతి 'ప', 'బ' కొట్టొచ్చినట్టు పడతాయి. గాయకుడికి అదుపు లేకపోతే ఆ టేక్ పారెయ్యాలి. రీవ్స్ ఏళ్లపాటు అనౌన్సరు పని చేశాడు కాబట్టి మైక్ దగ్గర ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఏ మాట దగ్గర తల పక్కకి తిప్పాలో ఆయనకి అలవాటు. నన్నడిగితే ఆయన పాటలో ఉన్న మొదటి వాయిద్యం రేడియో ఉద్యోగమే. ఆ పాట కంట్రీలో నంబర్ వన్, పాప్ చార్టులో 11 దాకా వెళ్లింది.

కాబట్టి @హ్యాంక్_భక్తుడు, నీళ్లు పోశాడన్నది ఒప్పుకోను. మెల్లిగా పాడటం అరవడం కన్నా కష్టం. రోజూ చూస్తుంటాం మేము.

లాలాగూడ_పోరడు
మూర్తన్నా, గట్లయితే ఆ ఫోన్ పాట గూడ గదే టెక్నిక్కా?

మిక్సింగ్_మూర్తి
దాని కోసమే పుట్టిన పాట అది తమ్ముడూ. 'హి విల్ హావ్ టు గో', 1959 అక్టోబర్‌లో రికార్డు చేశారు. రాసింది జో ఆలిసన్, ఆడ్రీ ఆలిసన్ అనే భార్యాభర్తలు. ఆవిడది చిన్న గొంతు, ఫోన్లో వినపడక "నోరు దగ్గర పెట్టి మాట్లాడు" అనేవాడట ఆయన. పాటలో మనిషి బార్‌లోని ఫోన్ దగ్గరుండి అదే అడుగుతాడు, ఇక్కడ జూక్‌బాక్స్ సౌండ్ తగ్గించమని చెప్తానంటాడు. అంటే మెల్లిగా పాడటానికి కారణం పాటలోనే ఉంది. ఫోన్లో గుసగుసలాడేవాడు అరవడు కదా. వాయిద్యాలు కూడా గీతల్లా సన్నగా వేశారు. ఫ్లాయిడ్ క్రేమర్ పియానో, వైబ్రాఫోన్, అనితా కెర్ బృందం కోరస్.

తమాషా ఏంటంటే కంపెనీ దాన్ని రికార్డు వెనక వైపు వేసింది. ముందు వైపు పాటని పక్కనపెట్టి రేడియోవాళ్లు వెనక్కి తిప్పి వేశారు. 1960లో కంట్రీ చార్టులో 14 వారాలు నంబర్ వన్, పాప్‌లో రెండో స్థానం.

ఊరికే_వచ్చా
పక్కనున్న ఆ మూడో మనిషి పరిస్థితి ఎవరూ అడగరేం? పాపం సోఫాలో కూర్చుని కాఫీ తాగుతున్నాడేమో.

వెన్నెల_రేడియో
ఆయన సంగతి అడిగారు కూడా! 1960లోనే జీన్ బ్లాక్ అనే అమ్మాయి జవాబు పాట పాడింది, "వాడు ఉంటాడు, నువ్వే ఆలస్యం చేశావు" అన్న అర్థంలో. అదీ పాప్ చార్టులో నాలుగో స్థానం దాకా వెళ్లింది.

సామర్లకోట_సన్నీ
ఇది మాత్రం మా చెల్లికి పంపించా. పది నిమిషాల్లో కాలర్ ట్యూన్ పెట్టుకుంటానంది.

హ్యాంక్_భక్తుడు
మూర్తి గారి మైక్ పాయింట్ వరకు సరే. కానీ స్టూడియోలో అంత నాజూకుగా చేస్తే స్టేజీ మీద ఏం చేసేవాడు? 1963లో ఐర్లాండ్ వెళ్లి, డాన్సు హాళ్లలో పియానోలు శ్రుతిలో లేవని అలిగి మధ్యలో దిగిపోయాడని చదివా. హ్యాంక్ అయితే విరిగిన గిటార్‌తో కూడా పాడేవాడు.

మిక్సింగ్_మూర్తి
విరిగిన గిటార్‌తో పాడటానికి ముందు హాలుకి రావాలి కదండీ మీ వాడు.

బిట్రగుంట_లోకో
శ్రుతి లేని పియానో పక్కన నిలబడి పాడమంటే మా ఇన్‌స్టిట్యూట్ బ్యాండువాళ్లే ఒప్పుకునేవాళ్లు కాదు. దానికి అలక అని పేరెందుకు పెట్టాలి? జనం టికెట్ కొన్నది ఆ గొంతు కోసం.

డాలస్_బాబాయ్
స్టేజీ మీద ఎలా ఉండేవాడో చూడాలంటే 1964 ఏప్రిల్‌లో ఓస్లోలో జరిగిన ప్రోగ్రాం వీడియో ఉంది, నార్వే టీవీకి తీసింది. చెట్ ఆట్కిన్స్, బాబీ బేర్, అనితా కెర్ బృందం కూడా ఆ టూర్లోనే. సూటు, టై, మెరిసే రాళ్లూ పూసలూ ఏమీ లేవు. "జెంటిల్‌మన్ జిమ్" అన్నది ఊరికే పెట్టిన పేరు కాదని తెలుస్తుంది. నార్వేలో ఆయనకున్న అభిమానం చూస్తే మన రైల్వే కాలనీలు చిన్నబోతాయి.

లాలాగూడ_పోరడు
సౌతాఫ్రికల గూడ పెద్ద స్టారంట గదా. ఆఫ్రికాన్స్ భాషల ఎల్‌పీ చేసిండు. భాష రాకుంటనే, ఉచ్చారణ రాసుకొని పాడిండంట. 'కింబర్లీ జిమ్' అని సినిమా గూడ ఆడనే తీసిండ్రు, ఈయనే హీరో.

వెన్నెల_రేడియో
అక్కడ నాకు కాస్త ముల్లు గుచ్చుకుంటుంది. 1962లో ఆయన వెళ్లేసరికి అక్కడ వర్ణవివక్ష చట్టాలు గట్టిగా నడుస్తున్నాయి. అక్కడ పాలించే తెల్లవాళ్ల భాష ఆఫ్రికాన్స్‌లో పాడటమంటే ఎవరి మెప్పు కోసమో తెలుస్తూనే ఉంది. సినిమాలో చూపించిన దేశంలో సగం దేశం కనపడదు.

డాలస్_బాబాయ్
అప్పటి అమెరికా దక్షిణాదిలో కూడా అదే కదమ్మా పరిస్థితి. ఆయన పెరిగిన తూర్పు టెక్సస్‌లోనే బడులు వేరు, బస్సులో సీట్లు వేరు. ఇక్కడ నా ఆఫీసులో ఒక నైజీరియా ఆయన ఉన్నాడు, చిన్నప్పుడు ఆదివారమంతా ఇంట్లో జిమ్ రీవ్సే అంటాడు. పాటలు ఆ గోడలు దాటి పోయాయి.

వెన్నెల_రేడియో
పాటలు దాటాయి, కాదనను. గోడ సంగతి పాడినవాడికి తెలియదని మాత్రం చెప్పొద్దు.

మబ్బుల్లో_మాధవి
సన్నీ, విమానం సంగతి నేను చెప్తా, ఫ్లయింగ్ స్కూల్లో పాఠాలు చెప్తుంటాను.

సువార్త ప్రయాణం కాదు. ఆర్కన్సాలో స్థలం బేరం చూసుకుని, పియానో వాయించే డీన్ మాన్యుయెల్‌తో కలిసి బేట్స్‌విల్ నుంచి నాష్‌విల్ తిరిగి వస్తున్నాడు. 1964 జూలై 31. ఒకే ఇంజన్ ఉన్న బీచ్‌క్రాఫ్ట్ డెబనేర్, నడుపుతున్నది రీవ్సే. నాష్‌విల్ దగ్గరికొచ్చాక ఉరుముల వానలో చిక్కుకుంది, బ్రెంట్‌వుడ్ దగ్గర అడవిలో కూలింది.

మబ్బులోకి వెళ్తే నేలా ఆకాశం కలిసే గీత కనపడదు. లోపలి చెవి మెల్లగా మొదలైన ఒంపుని పసిగట్టలేదు. విమానం పక్కకి వాలి తిరుగుతున్నా పైలట్‌కి నేరుగా పోతున్నట్టే ఉంటుంది. ఎత్తు తగ్గడం చూసి ముక్కు పైకి లాగుతాడు, దాంతో ఆ తిరుగుడు ఇంకా బిగుసుకుంటుంది. అలాంటప్పుడు మీటర్లను నమ్మాలి, ఒంటిని నమ్మకూడదు. బయటికి చూస్తూ నడిపే అలవాటే ఉన్నవాళ్లకి అది చాలా కష్టం. దర్యాప్తులో తేలింది కూడా ఈ దిక్కు తోచకపోవడమే. మా స్టూడెంట్లకి దీనిమీద మళ్లీ మళ్లీ చెప్తాం.

అంతకు ముందటేడు మార్చిలో పాట్సీ క్లైన్ పోయింది కూడా చిన్న విమానంలోనే, నాష్‌విల్ ఉన్న అదే టెనెస్సీ రాష్ట్రంలో, అదీ చెడ్డ వాతావరణమే. బహుశా ఈ పోలికవల్లే మీవాళ్లు ఇద్దర్నీ జంట చేసేసి ఉంటారు.

బిట్రగుంట_లోకో
వెతకడానికి వందలమంది అడవిలోకి దిగారు. చెట్ ఆట్కిన్స్, ఎర్నెస్ట్ టబ్, మార్టీ రాబిన్స్ లాంటి పెద్ద పాటగాళ్లు కూడా. రెండు రోజులకి, ఆగస్టు 2న దొరికింది. ఇంకో మూడు వారాలైతే 41 నిండేవి.

సామర్లకోట_సన్నీ
మరి ఆ డ్యూయెట్? ఇద్దరి గొంతులూ నేను విన్నా. కలిసి పాడినట్టే ఉంది.

మిక్సింగ్_మూర్తి
1981లో అతికించింది. ఇద్దరూ బతికుండగా ఒక పాటని విడివిడిగా పాడి ఉన్నారు. అప్పట్లో మూడు ట్రాకుల టేపు మీద రికార్డు చేసేవాళ్లు కాబట్టి గొంతు మాత్రం విడిగా తీసుకునే వీలుంది. రెండు గొంతులకీ వేగం, శ్రుతి కలిపి, వెనక కొత్త వాయిద్యాలు వేశారు. కంప్యూటర్లు లేని రోజుల్లో టేపు కోసి అంటించి చేసిన పని, చేతులెత్తి మొక్కాలి. దానికి ముందు డెబోరా ఆలెన్ అనే గాయని గొంతు కలిపి కొన్ని డ్యూయెట్లు చేశారు, ఆవిడ మాత్రం అప్పటికి బతికున్న మనిషే.

హ్యాంక్_భక్తుడు
ఇదిగో, అసలు నా కోపం ఇక్కడ. పోయినవాడి చేత పదేళ్లూ పదిహేనేళ్లూ పాడించారు. ఆయన ఒప్పుకున్నాడా? ఆయన వద్దని పక్కన పెట్టినవి కూడా బయటికి తీసి వయొలిన్లు పూసి అమ్మారు.

వెన్నెల_రేడియో
అందులో ఎక్కువ భాగం మేరీ నిర్ణయాలు. 40 ఏళ్ల భర్త పోయాడు, పిల్లల్లేరు, చేతిలో ఉన్నది టేపులు. వాటిని అటక మీద పడేసి ఏడుస్తూ కూర్చోవాలా? ఆవిడ పూనుకుని విడుదల చేయించింది, నాష్‌విల్‌లో మ్యూజియం పెట్టింది. ఆయన పోయాక ఆరు పాటలు కంట్రీలో నంబర్ వన్ అయ్యాయి. ఉదాహరణకి 'డిస్టంట్ డ్రమ్స్'. సిండీ వాకర్ రాసిన పాట, రీవ్స్ ఆవిడ కోసం నమూనాగా పాడి పెట్టాడు. కంపెనీకి అప్పుడు నచ్చలేదు. 1966లో వాయిద్యాలు కలిపి వదిలితే బ్రిటన్‌లో ఐదు వారాలు నంబర్ వన్. బీటిల్స్ ఏలుతున్న ఊళ్లో, రెండేళ్ల కిందట పోయిన టెక్సస్ మనిషి. కంపెనీ బీరువాలోనే ఉండిపోయుంటే బాగుండేదంటారా?

హ్యాంక్_భక్తుడు
ఆ పాట ఉండనీ. డ్యూయెట్లు మాత్రం వద్దు. ఇద్దరు మనుషులు ఒకరినొకరు వినకుండా పాడితే అది డ్యూయెట్ ఎలా అవుతుంది?

మిక్సింగ్_మూర్తి
మన సినిమా పాటల్లో ఇప్పుడు జరిగేదంతా అదే. హీరో లైన్లు చెన్నైలో, హీరోయిన్ లైన్లు ముంబైలో. ఇద్దరూ ఆడియో ఫంక్షన్లో మొదటిసారి కలుస్తారు.

మబ్బుల్లో_మాధవి
ఆడియో ఫంక్షన్‌కైనా బతికుండి వస్తారు కదా మూర్తి గారూ. ఈ ఒక్కదాంట్లో నేను భక్తుడి వైపు.

సామర్లకోట_సన్నీ
రిపోర్టు: డాడీకి థ్రెడ్ మొత్తం చదివి వినిపించా. పాస్టరు కాదన్నది ఒప్పుకున్నారు. బేస్‌బాల్ భాగం బాగా నచ్చింది. పెదనాన్న మాత్రం "పాస్టరు కాకపోతే ఏం, పాడింది వాక్యమే కదా" అని వెళ్లిపోయారు. ఇప్పుడు డాడీ మెక్సికన్ జో కావాలంటున్నారు. మంచి కలెక్షన్ ఏది? వయొలిన్లు పూసినవి వద్దట, ఎవరి ప్రభావమో మరి.

డాలస్_బాబాయ్
అబ్బాట్ రోజులవి ఒక సెట్, 1957 నుంచి 1964 దాకా ఆర్‌సీఏ ఒరిజినల్స్ ఒక సెట్ తీసుకో. "ఓవర్‌డబ్" (తర్వాత వాయిద్యాలు కలిపింది) అని రాసి ఉంటే ముట్టుకోకు. లింకులు నీ ఇన్‌బాక్స్‌లో పెడతా.

హ్యాంక్_భక్తుడు
వెన్నెల గారు చెప్పారని ఇందాక మెక్సికన్ జో, బింబో రెండూ విన్నా. బాగున్నాయి. అక్కడే ఆగిపోయి ఉంటే మా వాళ్లలో కలిపేసుకునేవాళ్లం.

వెన్నెల_రేడియో
మీ వాళ్లలో చేరాలంటే 29 ఏళ్లకే పోవాలేమో. హ్యాంక్ మీద విడిగా థ్రెడ్ తెరవండి, రేపు సాయంత్రం అక్కడికొచ్చి కొట్లాడతా.